జ్వరానికి మేత

12వ రోజు

మొగిలన్న ఈ రిజిస్టరు నా ముందు పెట్టి, "ఎవలకు ఏం మేత ఏసినవో రోజూ రాయి సహస్రా. రాత లేకపోతే మన బతుకు గాలికి పోతది" అన్నాడు. ఆయన మా గని ఇన్‌చార్జి. రాతలంటే ఆయనకు ప్రాణం. ఏడేళ్ల కిందట పదకొండు రోజుల ఎండకు ఊళ్లకు ఊళ్లు మాడిపోతుంటే, ఎప్పుడో మూసేసిన ఈ బొగ్గుగని తాళం పగలగొట్టి మూడు వందల మందిని లోపలికి దింపింది ఆయనే. వెనక వడగాలి తరుముతున్నా గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి పేరూ అడిగి మస్టరు పుస్తకంలో రాశాడు. బతికి బయటపడ్డాం అనడానికి లేదు, బతికి లోపలపడ్డాం.

సరే, రాస్తాను. ఇదివరకు నా పని గాలి ఫ్యాన్లకు కట్టే గుడ్డలు ఉతకడం. ఇప్పుడు నాతోపాటు ముగ్గురు ఆడవాళ్లకు మేత డ్యూటీ వేశారు.

పన్నెండు రోజుల కిందట, ఎండ ఎక్కకముందే ఉప్పు కోసం వేకువన పైకి వెళ్లివచ్చిన ఇద్దరితో ఈ జ్వరం దిగింది. మూడు రోజులుంటుంది. మొదటి రెండు రోజులూ ఒంటిని పట్టుకుంటుంది. మూడోనాడు పొద్దెక్కాక తలలోకి పోతుంది. ఆ నాలుగైదు గంటలు మనిషి దేన్ని తలచుకుంటే దాన్ని తినేస్తుంది. ఏమీ తలచుకోకుండా మగతగా పడుకుంటే మింగడాన్ని, ఊపిరి తీయడాన్ని తినేస్తుంది. మొదటి వారంలో ఈ సంగతి తెలియక పంతొమ్మిది మంది పోయారు. నోట్లో నీళ్లు పోస్తే వాటిని ఏం చేయాలో తెలియక మా మొహాలకేసి చూస్తూ పోయారు.

అందుకని రోగి పక్కన ఒకరు కూర్చుని, అక్కర్లేని సంగతులు అడుగుతూ మాట్లాడిస్తూ ఉండాలి. జ్వరం అవి తిని పోతుంది. గొడ్డు చేన్లో పడకుండా ఇంత గడ్డి వేసినట్టు. ఇప్పటిదాకా నేను వేయించినవి పాత బస్సు రూట్లు, సీరియళ్లు, ఎవరో ఎవరితోనో ఆడిన క్రికెట్టు. నిన్న ఒకాయన ఇంటర్ కెమిస్ట్రీ మొత్తం వేసి, తల తేలికైందన్నాడు. అది ఇంటర్ నుంచీ తేలికేనని వాళ్లావిడ అంది.

27వ రోజు

జ్వరం మళ్లీ వస్తోంది. వచ్చినవాళ్లకే వస్తోంది. రెండోసారి గడ్డి ముట్టదు. బరువైనది కావాలి దానికి.

నాకు పోయిన వారం రెండోసారి వచ్చింది. సీరియళ్లు చెప్తే ఒళ్లు ఇంకా కాలింది. డొక్కలు ఎగరేయడం మొదలయ్యేసరికి పక్కన కూర్చున్నామె భయపడి నా పెళ్లి గురించి అడిగింది. చెప్పాను. అదంతా పోయింది. మా ఆయన వినీత్ రోజూ పొద్దున చెప్తున్నాడు, మండపం కూలిన సంగతి, వంటవాళ్లు పారిపోయిన సంగతి. విని నవ్వుతాను. సాయంత్రానికి మళ్లీ ఉండదు. జ్వరం తిన్నచోట తిరిగి ఏదీ నిలవదు, ఎవరు చెప్పినా, రాసి చూపించినా. పెళ్లి గుర్తు లేకపోయినా మొగుడున్నాడు, చాలు అనుకున్నాను.

ఇవాళ పంపుల దగ్గర మీటింగు పెట్టారు. మూడోసారి వస్తే ఇంకేం వేయాలని అందరూ అడిగారు. మొగిలన్నే అన్నాడు: "పైన జరిగింది మన నెత్తిల ఎందుకు, ఏడేండ్ల సంది మోస్తున్నం. అదెయ్యండి. ముందుగాల ఏడుపు పోవాలె. నవ్వు ఆఖరికి దాసుకోండి."

ఆ మాటకు అందరి మొహాలూ ఒక్కసారి విచ్చుకున్నాయి. మహమ్మారి ఒకటి వచ్చి మా ఏడుపు అడుగుతోంది, అదొక్కటే మా దగ్గర కావలసినంత ఉంది. గోడ మీద సుద్దతో రాశారు, ముందు ఏడుపు అని. అందరికన్నా ముందు చెయ్యెత్తింది నేనే. ఇది రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

33వ రోజు

స్వరూపవ్వకు మూడోసారి. డెబ్బై తొమ్మిదేళ్లు, గనిలో అందరికన్నా పెద్దది. ఈమె ఏడుపు ఎండది కాదు. అంతకుముందుది, మాస్కుల కాలం నాటిది.

ఆ కాలం నాకూ కొంచెం గుర్తుంది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న కూరగాయల్ని సబ్బుతో కడిగేవాడు. వంకాయ కూర నురగ వాసన వచ్చేది. బడి లేదు కాబట్టి నాకు అది పండగే. అవతల వీధిలో స్వరూపవ్వ లాంటి వాళ్లకు ఏం జరుగుతోందో తెలియని వయసు.

"మా ఆయన సదానందం ఈ గనిలనే పనిచేసేటోడు, నీకెరికేనా?" అని మొదలుపెట్టింది. "దవాఖానల ఏసిన్రు. మూడొద్దులు రోడ్డు మీదనే నిలవడ్డ. లోపలికి రానియ్యలే. సద్దిగిన్నె ఒకాయనకిస్తే పంపిస్త అన్నడు, పంపిండో తిన్నడో. నాలుగోనాడు తెల్ల కవర్ల చుట్టుకొని తెచ్చిన్రు. ఇగో నీ పెనిమిటి అన్నరు. ఎట్ల నమ్మాలె బిడ్డా? కాళ్ల దిక్కు కవరు చినిగింది. బొటనేలు కంటే పక్కయేలు పొడుగు. గది జూసి నమ్మిన. గంతే, దగ్గరికి పోనియ్యలే. మన్ను తోడే బండితోని..."

అక్కడ ఆగింది. నా చేతిని పట్టుకున్న వేళ్లు వదులయ్యాయి. నుదుటి మీద ముడత ఒకటి ఉండేది, నేను చూసినప్పటి నుంచీ ఉంది, అది లేదు. ఒళ్లు చల్లబడింది. "జెర చాయ్ పొయ్యవా" అంది. మేము టీ మొహం చూసి ఏడేళ్లయింది. వేడినీళ్లు ఇస్తే అవే ఊదుకుంటూ తాగింది.

ఇవాళ నేను చాలా సంతోషంగా ఉన్నాను.

41వ రోజు

స్వరూపవ్వ గేటు మెట్ల దగ్గర కంచం మీద కంచం బోర్లించి పెట్టుకుని కూర్చుంది. ఎవరికి అవ్వా అంటే, "ఫస్టు షిఫ్టు దిగే యాళ్లాయె. మా ఆయన వస్తడు గదా" అంది. పుస్తకంలో ముసలితనం అని రాశాను.

ఇవాళ ఒక్కరోజే ఆరుగురికి మేత వేశాను. ఆరూ ఎండవే. అందరూ లేచి కూర్చుని అన్నం అడిగారు. పుట్టగొడుగులు కోసే చోట ఎవరో పాట పాడుతున్నారు. ఈ గనిలో పాట వినడం ఇదే మొదలు.

52వ రోజు

వినీత్‌కు మూడోసారి.

మాకు ఒక కూతురుండేది. ఆమె పుట్టిన రోజునే, మూడేళ్లుగా లేని వాన పడింది. అందుకని జల్లు అని పిలిచాం, బడిలో కూడా అదే పేరు. ఎండలో ఏడోనాడు, ఈ గని వైపు నడుస్తూ ఒక బడి గదిలో ఆగినప్పుడు, వాళ్ల నాన్న ఒళ్లో పోయింది. ఎనిమిదేళ్లు. ఆయన వదలకుండా ఇక్కడిదాకా భుజాన మోసుకొచ్చాడు. పోయినవాళ్లను లోపలికి తీసుకుపోవద్దన్నారు. ఫ్యాన్ హౌస్ పక్కన పెద్ద గుంట తీసి అందరినీ అందులోనే పెట్టారు. నేను చూడలేక మెట్లు దిగి వచ్చేశాను. గుంటలోకి ఆయనే దిగాడు. ఆ తర్వాత ఏడేళ్లలో ఆయన నోట ఆ పేరు రాలేదు. నేను అడగలేదు.

జ్వరం తలకెక్కే ముందు, "ఎయ్యాల్నా?" అని అడిగాడు.

"ఎయ్యి. నువ్వు మంచిగుంటే నాకు చాలు" అన్నాను.

చెప్పాడు. బడి గదిలో నల్లబోర్డు కింద ఆమె తల ఎటువైపు పెట్టుకుందో, ఆఖరికి ఏం అడిగిందో, భుజం మీద ఆ బరువు ఎప్పుడు మారిందో చెప్పాడు. గుంటలో ఒక ముసలామె పక్కన పడుకోబెట్టాడట, ఒంటరిగా భయపడుతుందని, ముసలామె చెయ్యి తీసి ఆమె మీద వేశాడట. ఆ సంగతి నాకు తెలిసిన నిమిషంలోనే ఆయనకు పోయింది. నా ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం తేటపడుతుంటే, నేను నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను.

53వ రోజు

ఏడేళ్ల తర్వాత వినీత్ నవ్వాడు. కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. నా జుట్టు నెరిసిందని వెక్కిరించాడు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు.

తిని చెయ్యి కడుక్కుంటూ, "జల్లు ఏదే? ఇంక లేవలేదా?" అన్నాడు.

మేం చావు సంగతే అడిగాం, జ్వరం ఆ చెప్పిందే తిన్నది. చావును తిన్నది. పిల్లను అలాగే వదిలేసింది. పుట్టిన రోజు వాన, పళ్లూడటం, ఎనిమిదేళ్లూ ఆయన దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పరుగున గేటు మెట్ల దగ్గరికి పోయాను. స్వరూపవ్వ పక్కన ఇప్పుడు ఇంకో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. కొందరి చేతుల్లో కంచాలు, ఒకామె చేతిలో చిన్నపిల్లల చెప్పులు. అందరూ నేను మేత వేసినవాళ్లే. నన్ను చూసి నవ్వారు.

58వ రోజు

ఆయనకు చెప్పాను. జల్లు లేదని. తల గోడకేసి కొట్టుకున్నాడు. సాయంత్రానికి అది పోయింది. పొద్దున మళ్లీ, "జల్లు ఏదే?" మళ్లీ చెప్పాను. నాలుగు రోజులు నాలుగుసార్లు చెప్పాను. ప్రతిసారీ అప్పుడే తెలిసినట్టు ఏడ్చాడు. నాలుగుసార్లు పిల్లను చంపినదాన్నయ్యాను. ఇవాళ నా వల్ల కాలేదు.

"రెండో లెవెల్‌ల మా చెల్లె దగ్గరున్నది. ఈ జరాలు తగ్గేదాంక పిల్లల్ని ఇటు రానియ్యరంట" అన్నాను. నాకు చెల్లెలే లేదు. రెండో లెవెల్ నిండా నీళ్లే.

"గట్లనా, ముందే చెప్పొద్దా" అని, ఎండబెట్టిన పుట్టగొడుగులు ఆమె కోసం ఒక గుడ్డలో మూటగట్టాడు.

66వ రోజు

ఇది రాయడానికి చేతులు రావడం లేదు, అయినా రాస్తాను.

మొగిలన్నకు మొన్న జ్వరం పోయింది. ఆయన వేసిన ఏడుపు గేటుది. మమ్మల్ని దింపిన రోజు మస్టరులో మూడు వందల పేర్లు నిండాక, ఇంకా జనం పరుగెత్తి వస్తుండగా గేటు వేసి గడియ పెట్టింది ఆయనే. అవతలినుంచి కొట్టిన చప్పుడు ఆయన ఏడేళ్లుగా వింటున్నాడు. అది పోయింది. ఇవాళ పొద్దున గేటు ముందు నిలబడి, "ఇదెవలేసిన్రు? మనోళ్లు పైన ఉంటే లోపల్నించి గడియ ఎవలు పెట్టిన్రు?" అని అరిచాడు.

"నువ్వే పెట్టినవన్నా. ఇగో ఈ రిజిస్టరు చూడు" అన్నాను.

"నేనెందుకు పెడ్త? నాకేమన్న పిచ్చా?"

అప్పటికి మెట్ల దగ్గర నూట నలభై మంది ఉన్నారు. గేటుకు అడ్డం నిలబడ్డాను. పైన ఇప్పటికీ ఎండ అని, మధ్యాహ్నమవుతోందని, మాడి చస్తారని మొత్తుకున్నాను. ఎండ సంగతి వాళ్లకు ఎక్కడుంది? చావులతోపాటు ఆ పదకొండు రోజులూ నేనే తినిపించాను. "ఎండకు బయపడ్తమా మేము? పొలాలు చేసినోళ్లం" అన్నాడొకాయన. స్వరూపవ్వ నా బుగ్గ నిమిరి, "పక్కకు జరుగు బిడ్డా, ఆయనకు ఆకలైతది" అంది.

మొగిలన్న కొత్త మస్టరు చంకన పెట్టుకుని ముందు నడిచాడు, పైనుంచి తీసుకొచ్చే వాళ్ల పేర్లు రాయాలి కదా. మేత డ్యూటీ ఆడవాళ్లు ముగ్గురూ వెళ్లారు. పిల్లల్ని తెచ్చుకోవడానికి పోతున్నవాళ్ల మొహాలు ఎట్లా ఉంటాయో అట్లా ఉన్నాయి. అంత సంతోషాన్ని ఆపడానికి నా రెండు చేతులు సరిపోలేదు.

సాయంత్రం దాకా చూశాను. ఒక్కరూ రాలేదు. పాత గుడ్డలు చేతులకు చుట్టుకుని, కాలుతున్న ఆ గేటును నేనే మూసి గడియ పెట్టాను. అవతలినుంచి ఎవరూ కొట్టలేదు.

వినీత్ కింద పంపు డ్యూటీలో ఉన్నాడు కాబట్టి మిగిలాడు.

71వ రోజు

ఏడేళ్లలో పోయినవాళ్లు, జ్వరానికి పోయినవాళ్లు, గేటు దాటినవాళ్లు పోను అరవై మందికి లోపే ఉన్నాం. పంపులు ఒక షిఫ్టే నడుస్తున్నాయి. ఫ్యాన్ గుడ్డలు ఉతికేవాళ్లు లేరు, గాలి బరువుగా వస్తోంది.

వినీత్ రోజుకోసారి పైకి పోదామంటాడు, కాసేపు ఆడుకోనిద్దాం పిల్లని, బయట గాలి తగలాలి అని. నేను రెండో లెవెల్ అబద్ధం చెప్తాను. ఊరుకుంటాడు. ఆ అబద్ధం చెప్పగలిగిన మనిషి ఉన్నంతవరకే ఆయన కిందుంటాడు. నేను మరిచిపోయిన రోజు గేటుకు గడియ ఉన్నా లేనట్టే.

77వ రోజు

నాకు మూడోసారి జ్వరం మొదలైంది.

నా దగ్గర బరువైనవి రెండే మిగిలాయి. జల్లు ఎనిమిదేళ్లు ఒకటి, జల్లు చావు ఒకటి. తక్కినవి లెక్క వేసి చూశాను, నాకు నేనే. నాన్న సబ్బు వంకాయలు ఇది ముట్టదు. గేటు సంగతి వేస్తే మొగిలన్నలా నేనే గడియ తీస్తాను.

గోడ మీద రాసినట్టు ఏడుపు ముందు వేయొచ్చు. వేస్తే మూడోనాటికి నేనూ వినీత్‌లా లేచి కూర్చుంటాను. జల్లు ఉన్న లోకంలో ఒక్క పొద్దున నిద్ర లేవాలని నాకు లేదా? ఉంది. అది రాయడానికి సిగ్గుపడను. కానీ ఆ పొద్దు తిరక్కుండానే ఇద్దరం చేతులు పట్టుకుని మెట్లెక్కుతాం. ఎండలో ఆయన పడిపోవడం నేను చూడాలి, లేదా నేను పడిపోవడం ఆయన చూడాలి. ఆ తర్వాత మా పిల్ల చచ్చిపోయిందని తెలిసిన మనిషి భూమి మీద ఒక్కరుండరు. ఆ ముసలామె చెయ్యి సంగతి కూడా ఎవరికీ తెలియదు. అది నేను ఒప్పుకోను.

ఎనిమిదేళ్లే వేస్తాను.

మిగిలినవాళ్లంతా పంపుల మీదున్నారు, పక్కన కూర్చోవడానికి వినీత్ తప్ప ఎవరూ లేరు. పని నేర్పాను. ఆపకుండా అడగాలి, నేను కళ్లు మూస్తే చెంప మీద కొట్టాలి.

"ఏం అడగాలె?"

"జల్లు గురించి అడుగు. పుట్టినకాడికెల్లి. ఎనిమిదేండ్లు నిండినకాడ ఆపెయ్యి."

ఆయన మొహం వెలిగిపోయింది. "గిదొక పనా? నాకు పొద్దంత చెప్పుమన్నా చెప్త" అన్నాడు.

79వ రోజు

మూడోనాడు. ఒళ్లు కాలుతోంది, అక్షరాలు వంకరపోతున్నాయి.

రేపు ఇది చదివే సహస్రా, నీకొక కూతురుండేది. పేరు జల్లు. చచ్చిపోయింది. ఆ చావు నీకు గుర్తుంటుంది, పిల్ల గుర్తుండదు. ఆయనకు చావు గుర్తుండదు. ఆయనకు చెప్పకు, చెప్పినా నిలవదు, ఉత్తపుణ్యానికి ఏడిపించడమే. జల్లు రెండో లెవెల్‌లో చెల్లెలి దగ్గరుందని రోజూ చెప్పు. పైకి పోనివ్వకు.

ఆమె ఎట్లా ఉండేదో కూడా రాద్దామనుకున్నాను. చదివితే సాయంత్రానికి పోతుందని తెలుసు. నీ పొట్ట మీద కాలు వేస్తే గానీ నిద్రపోయేది కాదు. సుద్దముక్కలు తినేది, అడిగితే పెదాలు తెల్లగా పెట్టుకుని తినలేదనేది. ఇంకా చాలా ఉంది

వచ్చి కూర్చున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. "ఆ దినం వాన ఎట్ల పడ్డదో చెప్పు, నీకే బాగ యాది" అంటున్నాడు.

84వ రోజు

పైన రాసింది చదివాను. చేతిరాత నాదే.

జ్వరం తగ్గింది. నీరసం తప్ప ఏమీ లేదు. ఒక బడి గది గుర్తుంది. నల్లబోర్డు కింద ఒక ఆడపిల్ల వినీత్ ఒళ్లో పోవడం గుర్తుంది, నిమిషం నిమిషం గుర్తుంది. పెదాలు పగిలి ఉన్నాయి. నేను గోడకు ఆనుకుని చాలా ఏడ్చాను. ఎవరో పిల్లకు అంతగా ఎందుకు ఏడ్చానో తెలియడం లేదు. గుంటలో ఆమెను ఎవరి పక్కన పడుకోబెట్టారో కూడా తెలుసు.

వినీత్ రోజూ తన కూతురి గురించి చెప్తాడు. బాగా చెప్తాడు. అల్లరి పిల్లే, కానీ మంచిపిల్లలా ఉంది. సాయంత్రానికి ఏం చెప్పాడో ఉండదు, పుస్తకంలో చూసుకుంటే ఆ పిల్ల నాకూ కూతురే అని ఉంటుంది. పొద్దున మళ్లీ మొదటినుంచీ చెప్తాడు, ఆయనకు విసుగు లేదు.

ఇవాళ కొత్త మూట ఒకటి కట్టి, "ఇగ తోలుకొద్దమా?" అన్నాడు. రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి, రెండో లెవెల్ వాక్యం చదివి చెప్పాను. తలూపాడు. మూట ముడి మళ్లీ బిగించాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు.

"నీకు బిడ్డ మీద బెంగ, రంది లేదానే?"

లేదన్నాను. నేను చెప్పింది నిజమే.